చలికాలపు కాళ్ళ నొప్పికి హీటింగ్ ప్యాడ్: రెండు శీతకాలాల వాడకం తరువాత నా అభిప్రాయం

నిరుటి మార్గశిరంలో తిరుపతిలోని ఒక సర్జికల్ సామగ్రి దుకాణంలో విద్యుత్ హీటింగ్ ప్యాడ్ ఒకటి కొన్నాను; నెలన్నర తిరక్కుండానే దానిని పక్కన పెట్టి, వేరొక కంపెనీది తెప్పించుకున్నాను. ఆ రెండోది ఈ చలికాలంలోనూ నా మంచం పక్కనే ఉంది. మోకాలికీ పిక్కకూ చుట్టుకుని కాపడం పెట్టుకునే ఈ వస్తువును కొనేవారిలో నాలాగే "చలి తగిలితే కాళ్ళు పీకుతున్నాయి, ఇది కీళ్ళవాతమేమో" అన్న బెంగతో కొనేవారు ఉంటారు. అందుకని వస్తువు మంచిచెడ్డలతో పాటు ఆ బెంగ సంగతి కూడా ఇక్కడే రాస్తున్నాను.

నాకు 53 ఏళ్ళు. ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠాలు చెబుతాను. రోజుకు ఐదు గంటలకు తక్కువ కాకుండా నిలబడే పని. మా ఊరి చలిని పలమనేరు, మదనపల్లె వారు చలిగానే లెక్కపెట్టరు. అక్కడి తెల్లవారుజాము మంచుతో పోలిస్తే తిరుపతిలో ఉన్నది చల్లదనం మాత్రమే. అయినా ధనుర్మాసంలో నాలుగున్నరకు లేచి, స్నానం చేసి, తడి వాకిట్లో గొంతుక్కూర్చుని ముగ్గు వేసి లేవబోయేసరికి కుడి మోకాలి చుట్టూ ఎవరో తాడు బిగించి కట్టినట్లుండేది. పిక్కలు రాయిలా గట్టిపడేవి. వట్టి కాళ్ళతో ఇంట్లో బండల మీద నడిస్తే అరికాలి నుంచి తొడ దాకా సలుపు పాకేది. కాసేపు అటూ ఇటూ తిరిగితే బిగువు సడలేది, ఎండ పొడిచాక సలుపు కూడా తగ్గేది. మరునాడు తెల్లవారుజామున మళ్ళీ మొదలయ్యేది.

నొప్పి కన్నా ఎక్కువగా నన్ను కుంగదీసినవి మా అమ్మ చేతులు. అమ్మకు ఇరవై ఏళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం ఉంది. పిడికిలి కణుపులు ఉబ్బి, నాలుగు వేళ్ళూ చిటికెనవేలి వైపుకు గాలికి వాలిన వరిమొక్కల్లా ఒరిగిపోయాయి. పోపులపెట్టె మూతను రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి, ముంజేతుల బలంతో తిప్పుతుంది. మొదటి నాలుగేళ్ళు తైలాలతోనూ నొప్పి మాత్రలతోనూ నెట్టుకొచ్చి, వేళ్ళు వంగిన తరువాత గానీ సరైన వైద్యుడి దగ్గరకు వెళ్ళలేదు. ఆ చేతులను రోజూ చూస్తున్న నాకు, మోకాలు పట్టేసిన ప్రతి తెల్లవారుజామునా నా వంతు వచ్చిందనే అనిపించేది. దుకాణానికి వెళ్ళింది ఆ మనఃస్థితిలోనే.

దుకాణదారు రెండు రకాల ప్యాడ్లు బల్ల మీద పెట్టి, "ఇది రోజూ పెట్టుకోండక్కా, కీళ్ళవాతం గూడా పోతాది" అన్నాడు. అట్టపెట్టె మీద కూడా దాదాపు అదే మాట పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఆ మాట నిజం కాదు. ఏ హీటింగ్ ప్యాడూ ఏ రకం ఆర్థరైటిస్‌నూ నయం చేయదు. చేసేదల్లా బిగిసిన కండరాన్ని సడలించి, చర్మం కింద రక్తప్రసరణను కొంతసేపు పెంచి, నొప్పి తెలియడాన్ని తగ్గించడం. అది చిన్న మేలేమీ కాదు, కానీ అది వైద్యం కాదు. ఆ తేడా నాకు ఆనాడు తెలియక, ఎనిమిది వందల యాభై రూపాయలు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

ముందుగా ఆ వస్తువు ఎలా ఉంటుందో చెబుతాను. జానెడున్నర వెడల్పు, మూరెడు పొడవు ఉన్న మెత్తని పట్టీ, లోపల పాము మెలికల్లా పరిచిన సన్నని వేడి తీగ, పైన మఖ్మల్ లాంటి తొడుగు, చుట్టుకోవడానికి అంటుపట్టీ, చేతిలో పట్టే మీట మీద తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్న మూడు గుర్తులు. మీట నొక్కాక ఆరేడు నిమిషాలకు వేడి తెలుస్తుంది. మధ్యస్థంలో పెడితే, ఉప్పు మూటతో కాపడం పెట్టేటప్పుడు మొదటి క్షణంలో చురుక్కుమనే బాధ లేకుండా, వేడి నిదానంగా లోపలికి దిగుతుంది. పదిహేను నిమిషాలకు మోకాలు మడిచితే ఆ తాడు ముడి విప్పినట్లుంటుంది. ఈ విషయంలో నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. దాని సామర్థ్యం 60 వాట్లు. ఇరవై నిమిషాలకు ఒక యూనిట్‌లో యాభయ్యో వంతు మాత్రమే ఖర్చవుతుంది కనుక కరెంటు బిల్లు గురించి ఆలోచించనక్కరలేదు.

హాయిగా ఉందని నేను హద్దు మీరాను. పొద్దున, సాయంత్రం, రాత్రి, ఒక్కొక్కసారి గంటకు పైగా, మీట "ఎక్కువ" మీద పెట్టి తొడ కింది భాగానికీ మోకాలికీ కట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. నెల గడిచేసరికి మోకాలి పైన చర్మం మీద చేపల వల పరిచినట్లు గోధుమరంగు గీతలు తేలాయి. దురద లేదు, మంట లేదు. మంగు కాబోలనుకుని ఊరుకున్నాను. తరువాత కీళ్ళ వైద్య నిపుణురాలు ఆ గీతలను చూసిన వెంటనే, "కాపడం ఎంతసేపు పెడుతున్నారమ్మా?" అని అడిగారు. చర్మం కాలేంత కాకపోయినా, ఒకే చోట మళ్ళీ మళ్ళీ తగిలే వేడి వల్ల అటువంటి వల గుర్తులు వస్తాయట. ఆపితే నెలల మీద మాసిపోతాయట, ఆపకపోతే శాశ్వతంగా నిలిచిపోవచ్చట. నావి పోవడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ నిపుణురాలి దగ్గరకు నేను వెళ్ళింది గీతల కోసం కాదు, బెంగ కోసం. ఆమె ఎక్స్‌రే కన్నా ముందు నన్ను అడిగిన ప్రశ్న ఇది: "పొద్దున లేచాక కీళ్ళ బిగువు ఎంతసేపుంటుంది? గడియారం చూసి చెప్పగలరా?" నేను గడియారం ఎన్నడూ చూడలేదు. ముగ్గు వేసి లేచి, పాలు కాచి, కాఫీ కలిపేలోగా బిగువు పోతుందని గుర్తు చేసుకుని, ఇరవై నిమిషాలు అన్నాను. ఆమె ముఖం తేలికపడింది. వయసుతో, బరువుతో, వాడకంతో కీలు అరగడం వల్ల వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్‌లో పొద్దుటి బిగువు సాధారణంగా అరగంట దాటదు; నడకతో, మెట్లతో నొప్పి పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. అమ్మకు వచ్చిన రుమటాయిడ్ రకంలో బిగువు గంటా రెండు గంటలూ ఉంటుంది. వేళ్ళు, మణికట్లు, పాదాల వంటి చిన్న కీళ్ళలో, తరచు రెండు వైపులా వాపు వస్తుంది. నీరసం, ఆకలి మందగించడం తోడవుతాయి. అది మన శరీరపు రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద తిరగబడడం వల్ల వచ్చే జబ్బు, అరుగుదల కాదు.

ఆమె నా రెండు చేతుల పిడికిలి కణుపులనూ ఒక్కొక్కటిగా బొటనవేళ్ళతో నొక్కారు. తరువాత నా పాదాన్ని, కాలివేళ్ళ మొదళ్ళ దగ్గర, కరచాలనం చేసినట్లు పక్కల నుంచి పిండారు. అమ్మ పాదాన్ని అలా పిండితే కేక పెడుతుంది. నాకు నొప్పి లేదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు సందు కాస్త ఇరుకైంది, అది అరుగుదల గుర్తు. రక్తపరీక్షల్లో, ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్పీ, రుమటాయిడ్ జబ్బును పసిగట్టడానికి చేసే యాంటీ సీసీపీ సాధారణంగానే ఉన్నాయి. ఆ జబ్బు కోసమే చూసే మరో పరీక్ష, ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కటే స్వల్పంగా ఎక్కువ వచ్చింది. పరీక్షాకేంద్రంలో ఆ కాగితం అందుకున్న క్షణం నుంచి ఆమె గది తలుపు తెరిచేదాకా నేను పడిన వేదన మాటల్లో చెప్పలేను. "ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా కొందరికి కనిపిస్తుందమ్మా. జబ్బు ఉన్నవారిలో కొందరికి కనిపించదు కూడా. కాగితాన్ని బట్టి కాదు, కీలును బట్టి చెప్పాలి. మీ వేళ్ళలో వాపు లేదు" అన్నారు. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావారి కన్నా కొంత ఎక్కువే గానీ, ఎక్కువమంది పిల్లలకు రానే రాదని కూడా చెప్పారు. ఈ రెండు మాటలూ తెలియక నేను ఒక చలికాలమంతా నిద్ర పోగొట్టుకున్నాను.

మరి చలికే ఎందుకు నొప్పి పెరుగుతుందని అడిగాను. చలి ఆర్థరైటిస్‌ను పుట్టించదు, ఉన్నదానిని బయటపెడుతుంది. చలికి కండరాలు బిగుసుకుంటాయి, చేతులూ కాళ్ళ వైపు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కీలు లోపలి జిగట ద్రవం చిక్కబడుతుంది. అన్నిటికీ మించి చలిలో మనం ముడుచుకుని కూర్చుంటాం, కదలిక తగ్గుతుంది, కదలని కీలు మరింత బిగుస్తుంది. వాతావరణపు ఒత్తిడిలో మార్పు కూడా కారణమని కొందరు అంటారు గానీ, దాని మీద జరిగిన పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. గౌట్ సంగతి వేరు: రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువైనప్పుడు, శరీరంలో చల్లగా ఉండే కొసభాగాలలో, ముఖ్యంగా కాలి బొటనవేలి కీలులో, అది సులువుగా స్ఫటికాలుగా పేరుకుంటుంది, అర్ధరాత్రి ఉన్నట్టుండి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి వస్తే అనుమానించవలసింది దానినే.

ఇక రాయడానికి మనసొప్పని సంగతి రాయాలి. పుష్యమాసంలో ఒక రాత్రి అమ్మ, "నా కాళ్ళకు గూడా కాస్త పెట్టమ్మా, సలికి పీకతా ఉండాయి" అంది. అమ్మకు పదిహేనేళ్ళుగా మధుమేహం కూడా ఉంది. మీట "తక్కువ" మీదే పెట్టి, ఎడమ పిక్క కింద ప్యాడ్ పరిచి, పావుగంటలో తీద్దామని పక్కన ఒరిగి నిద్రపోయాను. ఆ మొదటి ప్యాడ్‌కు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు లేదు. నాలుగు గంటలకు మెలకువ వచ్చి దీపం వేసి చూస్తే పిక్క మీద అర్ధరూపాయి అంతవి రెండు నీటిబొబ్బలు. అమ్మ మెలకువగానే ఉంది. "నొప్పేం లేదే" అని ఆశ్చర్యంగా నా ముఖం చూసింది. మధుమేహం ఆ కాళ్ళలోని స్పర్శను అప్పటికే తినేసిందని, ఆ కాలు వేడిని చెప్పలేదని నాకు తెలిసి ఉండవలసింది. ఆ పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. 44 డిగ్రీల వేడి, చేతికి ఓర్చుకోదగ్గ వేడిగానే అనిపించేది, గంటల తరబడి ఒకే చోట తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. ఈ హెచ్చరిక పెట్టెలోని కాగితంలో చీమతలల్లాంటి ఆంగ్ల అక్షరాలతో ఉంది. తెలుగులో ఒక్క ముక్క లేదు. మన ఊళ్ళో అమ్మే వస్తువుకు, అందులోనూ ఎక్కువగా పెద్దవయసువారు వాడే వస్తువుకు, తెలుగులో హెచ్చరిక లేకపోవడాన్ని నేను క్షమించలేను. దుకాణానికి తీసుకుపోయి చెబితే, వాడిన సరుకు వాపసు తీసుకోబోమన్నారు.

రెండో ప్యాడ్ కొన్నది వెతికి చూసి. ముప్పై నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. తొడుగు ఊడదీసి ఉతకవచ్చు. పట్టీ మోకాలిచిప్ప దగ్గర రంధ్రంతో ఉండడం వల్ల మడిచినా జారదు. ధర పదహారు వందలు. లోపాలు దీనికీ ఉన్నాయి. తీగ పొట్టి; మంచానికీ ప్లగ్గుకూ మధ్య ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టుకోక తప్పలేదు. పిక్కకు చుడితే కిందికి జారుతుంది, ఎందుకంటే అది మోకాలి కొలతకే కుట్టినది. అంటుపట్టీ గరుకు భాగంలో నూలుపోగులు చిక్కుకుని ఆరు నెలలకే పట్టు సడలింది. పాత పళ్ళబ్రష్‌తో శుభ్రం చేస్తే కొంత నయం. వేడి ఎన్ని డిగ్రీలో చూపే అంకెలు లేవు, అది పెద్ద కొరతే. అయినా తానే ఆగే ఏర్పాటు ఒక్కదాని కోసమే రెట్టింపు ధర ఇవ్వవచ్చునని నా గట్టి అభిప్రాయం. ఆ ఏర్పాటు లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

రబ్బరు వేన్నీళ్ళ సంచి, ఉప్పు మూట, వావిలాకు వేసి కాచిన నీళ్ళు కూడా ఇదే పని చేస్తాయి, వేడి వేడే. నాకు ప్యాడ్ సౌకర్యంగా ఉన్నది తెల్లవారుజామున పొయ్యి వెలిగించే పని లేకపోవడం వల్లనే. ఉన్ని మోకాలి తొడుగులు రెండు జతలు వాడాను. బయట చలిలో వెచ్చదనానికి మంచివి, బిగుతుగా ఉంటే పాదం తిమ్మిరెక్కుతుంది. ఇంట్లో బండల మీద చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాక అరికాలి సలుపు సగం పోయింది. చిరునామా, దినుసుల వివరం లేని సీసాల్లో "కీళ్ళ పొడి" అని అమ్మేవి మాత్రం ముట్టవద్దు. అటువంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు బయటపడ్డాయి, మూడు రోజుల్లో నొప్పి మాయమైందంటే సంతోషించక అనుమానించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లకూ, మూత్రపిండాల నష్టానికీ దారి తీస్తాయి.

ఇప్పుడు నా పద్ధతి ఇది. లేచిన వెంటనే పలుచని చీర మడత మీద ప్యాడ్ చుట్టుకుని మధ్యస్థం మీద పదిహేను నిమిషాలు ఉంచుతాను. అది తీసిన వెంటనే, వేడి ఆరకముందే, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలిని నిటారుగా అడుగెత్తు లేపి, ఐదు అంకెలు లెక్కపెట్టి నిదానంగా దించుతాను. ఒక్కో కాలికి పది సార్లు. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. వేడి ఆ వ్యాయామానికి కీలును సిద్ధం చేస్తుంది, అంతే. వ్యాయామం మానేసి ప్యాడ్ మాత్రం పెట్టుకున్న వారాల్లో నాకు ఏ ప్రయోజనమూ నిలవలేదు. బరువు నాలుగు కిలోలు తగ్గాను. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెప్పినప్పుడు నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నాను. ముగ్గు పీట మీద కూర్చుని వేస్తున్నాను. ఏటా అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కేదాన్ని. మోకాళ్ళ మెట్టు దగ్గర చేతులు మోకాళ్ళ మీద ఆనించి ఎక్కిన ప్రతిసారీ స్వామినే తలచుకునేదాన్ని. ఈ ఏడాది నిపుణురాలి అనుమతితో శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, ఆగి ఆగి ఎక్కి, బస్సులో దిగాను. దిగడమే మోకాలికి ఎక్కువ కష్టం.

ఈ ప్యాడ్ ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మధుమేహంతో కాళ్ళు మొద్దుబారినవారు, మంచాన పడి తమంతట తాము కదలలేనివారు వాడకూడదు. కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, ఆగితే రెండు నిమిషాల్లో వదిలి, మళ్ళీ అంతే దూరానికి పట్టేస్తుంటే అది కీలు నొప్పి కాకపోవచ్చు. కాలికి రక్తం తెచ్చే నాళాలు ఇరుకైనప్పుడు, ముఖ్యంగా బీడీ, సిగరెట్టు తాగేవారిలో, అలా ఉంటుంది, ఆ కాలికి వేడి ప్రమాదం. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో ఆ రోజే చూపించుకోవాలి. జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రబడి ఉబ్బితే ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఈ కార్తికంలో పలమనేరు నుంచి మా అక్క ఫోన్ చేసి, "పాపా, నీ మాదిరి పట్టీ నాకొకటి తెప్పించు, ఈడ చలికి చేతులూ కాళ్ళూ పట్టకపోతా ఉండాయి" అంది. తెప్పించాను. పంపే ముందు, నన్ను అడిగిన ప్రశ్నే ఆమెను అడిగాను. "పొద్దున వేళ్ళు ముడవను రాదు. టిఫిను చేసి, అన్నం వండి దించేదాకా అట్లనే ఉంటాది" అంది. రెండు గంటలు. రెండు మణికట్లూ రెండు నెలలుగా ఉబ్బి ఉన్నాయట, గాజులు తీసి పెట్టేసిందట. నేను ప్యాడ్ పంపలేదు. ఆ వారమే ఆమెను తిరుపతికి రప్పించి, అమ్మను చూసే నిపుణురాలి దగ్గరే టోకెను తీసుకున్నాను. పిడికిలి కణుపులను నొక్కుతుండగా అక్క చెయ్యి వెనక్కు లాక్కుంది. అమ్మకు వచ్చిన జబ్బే. వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర మొదలై ఇది ఎనిమిదో వారం. వేళ్ళు ఇంకా ఒరగలేదు. బిగువు ముప్పావుగంటకు తగ్గిందని మొన్న ఫోన్లో చెప్పింది, ఈసారి గడియారం చూసే చెప్పింది. ఆమె కోసం కొన్న ప్యాడ్ పెట్టె విప్పకుండా మా బీరువా మీదే ఉంది.